క్వారీ పక్కన మసీదు గోడ

నేను ఖతర్ వెళ్ళొచ్చాక మా గిర్నికి గోధుమలో జొన్నలో పట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగిన మాట ఒకటే: "దుబాయ్ ఎట్లుంది?" దుబాయ్ వేరు, నేను వెళ్ళిన ఖతర్ వేరు అని మొదట్లో పిండి పడ్డ బల్ల మీద వేలితో పటం గీసి చూపించాను. ఆ తర్వాత మానేశాను. మా జగిత్యాల వైపు సముద్రం దాటి ఎక్కడికి వెళ్ళినా దుబాయే.

నేను పదో తరగతితో బడి వదిలినవాణ్ణి. మిగిలిన చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, గిర్నిలో ఒక మూటకూ ఇంకో మూటకూ మధ్య దొరికిన ఖాళీలో జరిగింది. నేను తిరిగిచ్చిన పుస్తకాన్ని మా లైబ్రేరియన్ పేరు చూడకుండానే గుర్తుపడతాడు. తెరిస్తే పిండి రాలుతుంది. ముత్యాల కోసం ఊపిరి బిగపట్టి సముద్రంలో దూకేవాళ్ళ గురించి, ఉప్పు నేలల గురించి, అరబ్బీ అంకెల గురించి నేను చదువుకున్నది అక్కడే. అందుకే నా బామ్మర్ది రాజేశం "ఒక్కసారి వచ్చి చూసిపో బావా" అన్నప్పుడు, ఆ దేశం నాకు ముందే కొంత తెలుసనే ధీమాతో బయలుదేరాను.

ముఐథర్: పొగమంచులో పప్పుచారు

ఎడారి అంటే ఎండ అనుకుని వెళ్ళాను. విమానం దిగేసరికి పొగమంచు. చలికాలం తెల్లవారుజామున అక్కడ సముద్రం మీది తేమ లేచి నేలంతా కప్పేస్తుందట. రాజేశం నడుపుతున్న బండి ముందు దీపస్తంభాలు ఒక్కొక్కటిగా పుట్టి ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఊరు ఎక్కడుందో కనిపించలేదు. ఊరు చప్పుడు మాత్రం వినిపించింది. ఎక్కడో లోహం మీద లోహం పడుతున్న మోత.

"కప్పు పనులు," అన్నాడు రాజేశం.

ప్రపంచ కప్పుకు ఇంకా కొన్నేళ్ళు ఉన్న రోజులవి. అక్కడ ఏ చప్పుడు గురించి అడిగినా అదే జవాబు. రోడ్డు తవ్వితే కప్పు. రోడ్డు మూస్తే కప్పు. పక్కగదిలో ఎవరి పెళ్ళి వాయిదా పడ్డా కప్పు, ఎందుకంటే సెలవు దొరకలేదు.

రాజేశం గది ముఐథర్‌లో ఒక పాత ఇంటి మేడ మీద ఉంది. అందరూ మనవాళ్ళే. నిజామాబాద్ ఆయన పప్పుచారు పెట్టాడు. సిరిసిల్ల ఆయన నా సంచి విప్పి, మా ఆవిడ పంపిన చింతతొక్కు సీసా పైకెత్తి, దాన్ని చేతులు మారుస్తూ గదంతా తిప్పాడు. వాసన చూసిన ప్రతివాడూ సీసాను ఇంకోసారి ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. అక్కడ పొద్దున తినే రొట్టె, ఖుబ్జ్, మా గోనెసంచి మూతంత వెడల్పు, పూరీలా పొంగుతుంది, రియాలుకు ఒక దొంతర వస్తుంది. అప్పట్లో రియాలంటే మన పద్దెనిమిది రూపాయల పైన. గిర్ని నడిపేవాణ్ణి కాబట్టి ముక్క తుంచి పిండిని చూశాను. మెత్తగా, తెల్లగా, ఊరూ పేరూ లేని పిండి. మర వేడెక్కిన వాసన దానిలో లేదు.

లుసైల్ మీదుగా

రాజేశం పని డ్రైవరు. పాత కట్టడాలు ఎలా ఉన్నాయో తిరిగి చూసి రాసే ఒక డాక్టరమ్మను తన పికప్‌లో తిప్పుతాడు. పేరు సల్మా, ఊరు సూడాన్. వైద్యం చేసే డాక్టరు కాదు, తవ్వకాల చదువు చదివిన డాక్టరు. ఆమె సహాయకుడు సెలవులో ఉండడంతో, ఫొటోలు తీసేటప్పుడు కొలబద్ద పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. రాజేశం నా పేరు చెప్పాడు. చదువుకున్నవాడని కూడా చెప్పాడట. ఆ రెండో ముక్క నాకు తెలిసినప్పటినుంచి నేను నిటారుగా కూర్చున్నాను.

లుసైల్ మీదుగా వెళ్ళాం. పొగమంచులో అక్కడి క్రేన్లు వరసగా నిలబెట్టిన ఏతాల్లా ఉన్నాయి. సముద్రాన్ని తోడి ఆకాశానికి పోస్తున్నట్టు నెమ్మదిగా వంగుతూ లేస్తున్నాయి. కింద మనుషులు లేరు, పసుపుపచ్చ టోపీలు మాత్రమే తేలుతున్నాయి. నేను దుకాణాల బోర్డుల మీది అరబ్బీ అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాను.

"బావా, ఊకో జెర. చిన్నపోరడు ఎక్కాలు చదివినట్టు!" అన్నాడు రాజేశం.

డాక్టరమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. "చదవనీ. ఉస్తాద్, ఎక్కడ నేర్చుకున్నారు?"

గ్రంథాలయంలో, అన్నాను. ఇంగ్లీషు కూడా అక్కడే. అందుకే నా ఇంగ్లీషు అచ్చు పుస్తకంలా ఉంటుంది, మధ్యలో ఊపిరి తీసుకునే చోటు ఉండదు. రాజేశం ఆమెతో మాట్లాడేది ఇంకో భాష: కొంత అరబ్బీ, కొంత హిందీ, కొంత ఇంగ్లీషు, అంతా కలిసి ఒక్క ముద్ద. "మేడం, గాడీ ఇధర్ స్టాప్ మాఫీ, పోలీస్ హై." మాఫీ అంటే అక్కడ లేదు, కుదరదు అని. ఆ భాష ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఆమెకు ఒక్కసారికే అర్థమవుతుంది. నా వాక్యం రెండుసార్లు చెప్పాలి.

ఉమ్ సలాల్: డేగకు జలుబు

ఉమ్ సలాల్ దగ్గర పొలాలు కనిపించాయి. మంచులో తడిసిన ఖర్జూరపు తోటలు, వాటి వెనక పెద్ద పెద్ద ప్రహరీలు. రోడ్డు పక్క కరక్ చాయ్ కొట్టు దగ్గర ఆగాం. చాయ్ ఒక రియాలు. యాలకులు, చిక్కటి డబ్బా పాలు. మా బస్టాండు చాయ్ కన్నా తీపి ఎక్కువ, కోపం తక్కువ.

పక్కన ఆగిన పెద్ద కారు ముందు సీట్లో ఒక డేగ కూర్చుని ఉంది. కళ్ళకు తోలు టోపీ, కాలికి తాడు. డ్రైవరు మా తెలుగు విని అద్దం దించాడు. రాయచోటి మనిషి, ఆ పక్క విల్లాలో హౌస్ డ్రైవరు.

"యాడికన్నా పోతాండారు ఈ మంచులో?"

పాత మసీదు చూడడానికి అన్నాను. మీరెక్కడికి అని అడిగాను.

"ఆసుపత్రికి. మా అర్బాబు, అదే మా యజమాని, డేగకు జలుబు జేసింది."

"డేగకు ఆసుపత్రా?"

"ఊఁ. మనకు జలుబు జేస్తే ఒక మాత్ర. ఈయప్పకు ఎక్స్‌రే కూడా దీస్తారు. నేను దుమ్మితే మా మేడం కారు ఆపి దిగమంటాది, ఇది దుమ్మితే ఏసీ తగ్గిస్తాను." డేగ తలను ఒకసారి తిప్పింది. ఆయన గొంతు తగ్గించాడు. "తెలుగు అర్థమయితాదేమో సామీ, రోజూ దీంతోనే మాట్లాడేది."

ఆ కారు మంచులోకి వెళ్ళిపోయింది. ముందు సీట్లో టోపీ పెట్టుకున్న ఒక చిన్న పెద్దమనిషి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

కప్పు లేని మసీదు

ఆ ఊరి పేరు రాయను. రాస్తే పాత కుండపెంకుల కోసం జనం వస్తారని డాక్టరమ్మ భయం. వాయవ్యపు తీరాన, సముద్రం పక్కనే, మనుషులు విడిచి ఎన్నాళ్ళో అయిన ఊరు అని మాత్రం చెప్తాను. గోడలు నడుము ఎత్తున మిగిలాయి. వాకిళ్ళు ఉన్నాయి, వాటి అవతల ఇళ్ళు లేవు. సముద్రపు రాళ్ళతో కట్టారు కాబట్టి గోడల్లో గవ్వలు కనిపిస్తాయి. చెవి ఆనిస్తే హోరు వినిపిస్తుందేమో అనిపించి ఒకచోట నిజంగానే ఆనించాను. వినిపించింది, కానీ అది సముద్రం కాదు.

క్వారీ. ఊరికి అవతల నేల తెల్లగా తెరుచుకుని ఉంది. సున్నపురాయిని పగలగొట్టే బ్రేకర్ల మోత, డంపర్లు ఎత్తిన దుమ్ము. రోడ్ల కింద పరిచే కంకరంతా అక్కడిదే. అప్పుడప్పుడు మందు పెట్టి పేలుస్తారట. క్వారీకీ ఊరికీ మధ్య తెల్ల రంగు వేసిన డ్రమ్ములు వరసగా ఉన్నాయి. అవి దాటి తవ్వకూడదు.

ఊళ్ళో కొంత నిలిచి ఉన్నది ఆ చిన్న మసీదు ఒక్కటే. కప్పు లేదు. ఆకాశమే లోపలికి వచ్చి కూర్చుంది. లోపల అడుగు పెట్టగానే మోత కూడా ఎవరో చేయి పట్టుకుని ఆపినట్టు మందగించింది. నేను చెప్పులు విప్పాను.

గోడలకు పగుళ్ళున్నాయి. ప్రతి పగులుకూ అడ్డంగా అరచేయంత జిప్సం పట్టీ, దాని మీద మేకుతో గీకిన తేదీ. తేదీలు నేనే పైకి చదివాను. డాక్టరమ్మ నన్ను చదవనిచ్చి, తర్వాత చెప్పింది:

"గోడకు పగులుంటే తప్పు లేదు ఉస్తాద్. ముసలి ముఖానికి గీతలుంటాయి. ఆ పగులు ఇంకా కదులుతోందా లేదా, అంతే కావాలి. జిప్సం సాగదు. గోడ వెంట్రుకంత కదిలినా పట్టీ పటుక్కున పగులుతుంది. మేం దీన్ని సాక్షి అంటాం."

ఆమె పనంతా ఆ ఓపికలోనే ఉంది. ప్రతిసారీ అదే రాయి మీద నిలబడి, అదే ఎత్తు నుంచి, అదే గోడను ఫొటో తీయాలి. నేను కొలబద్దను మొదట తలకిందులుగా పట్టుకున్నాను. తర్వాత సరిగ్గా పట్టుకున్నాను కానీ మంచు చీల్చుకుని ఎండ వచ్చి నా నీడ గోడ మీద పడింది. తర్వాత నీడ తప్పించబోయి వెనక్కి నడిచి, బయట ఉప్పు నేల మీద కాలు పెట్టాను. పైన అప్పడంలా గట్టిగా ఉంది, కింద జావ. మోకాలి దాకా దిగాను. ఉప్పు నేలల గురించి నేను చదివిన పుస్తకంలో ఆ పెంకు మీద నడవవద్దని ఉంది. పేజీ కూడా గుర్తుంది. రాజేశం నన్ను లాగుతూ, "ఇది లైబ్రరీల లేదా బావా?" అన్నాడు.

పట్టీలన్నీ చూడడం అయ్యింది. ఒక్కటి కూడా పగల్లేదు.

డాక్టరమ్మ దేవుణ్ణి తలుచుకుంది. కానీ ముఖంలో సంతోషం లేదు. ఫ్లాస్కులోంచి తన దేశపు కాఫీ పోసింది. అందులో శొంఠి. జ్వరం తగిలినప్పుడు మా అమ్మ కాచే కషాయం ఆ ఎడారిలో నా గొంతులోంచి దిగింది.

"క్వారీ వాళ్ళు ఆ డ్రమ్ములను ఊరి గోడ దాకా జరుపుకుంటామని అడిగారు," అంది. "ఈసారి పట్టీలు పగలకుండా ఉంటే అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాల్సింది నేనే. కానీ చూడండి, ఈ మూల కింద ఇసుక రాలి ఉంది. వచ్చిన ప్రతిసారీ రాలుతోంది. గోడ రాలుతుంటే సాక్షి ఏమీ జరగలేదంటోంది."

నేను గోడ మీద అరచేయి పెట్టాను. అవతల బ్రేకరు మొదలైంది. గిర్ని నడిపేవాడికి గోడ వణుకు చెవి కంటే ముందు అరచేతికి తెలుస్తుంది. మా మర తిరుగుతున్నప్పుడు పక్క గోడ ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. ఆ మాటే చెప్పాను.

"నమ్ముతాను ఉస్తాద్. కానీ మీ అరచేతిని కాగితం మీద అతికించలేను," అంది. మొదట మంచులో తీసిన ఫొటోలు మసకగా వచ్చాయని, ఇంకోరోజు రావాలని చెప్పి, తీరం వైపు పాత బావులు చూడడానికి ఒక్కతే నడిచింది.

జెండా మనిషి

మేం మసీదు గోడ నీడన టిఫిను విప్పుతుంటే డ్రమ్ముల అవతల నుంచి ఒక మనిషి వచ్చాడు. చేతిలో ఎర్ర జెండా, సంకలో అన్నం డబ్బా, మెడకు చుట్టిన తువ్వాలు దుమ్ముతో తెల్లబడి ఉంది. మాకన్నా పెద్దవాడు. వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, అప్పుడు అన్నాడు: "చింతతొక్కు వాసన ఆడిదాక వచ్చింది. ఎవరిది తమ్మీ?"

పేరు పోశెట్టి. మా కోరుట్ల పక్క ఊరు. తాపీ మేస్త్రి. మేస్త్రి వీసా మీదే వచ్చాడు, కానీ కంపెనీ క్వారీలో నిలబెట్టి జెండా ఇచ్చింది. డంపర్లు వస్తే ఎరుపు ఊపాలి, పోతే పచ్చ ఊపాలి.

"మా మనుమడు ఫోన్ల అడిగిండు, తాతా నువ్వు రైల్వేల చేస్తున్నవా అని," అన్నాడు. "ఔ బిడ్డా, అన్న."

రోజూ మధ్యాహ్నం బువ్వ ఈ గోడ నీడనే తింటాడట. లుసైల్‌లో పూత పని చేసే ఒక మేస్త్రి ఈయన్ను తన గ్యాంగులోకి తీసుకుంటానన్నాడు. పేరు పైకి వెళ్ళింది, కబురు రావాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న తాపీ ఇంకా నడుముకే ఉంది. చూపించాడు. పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడింది.

తొక్కుతో రెండు ముద్దలు తిని, ఇంటికి వచ్చిన చుట్టాలకు కొత్త అరుగు చూపించినట్టు గోడలకేసి చేయి చాపాడు.

"ఎట్లున్నయ్ మన పట్టీలు? ఒక్క పర్రె, ఒక్క పగులు కనవడుతదా?"

"మన పట్టీలేంది?" అన్నాడు రాజేశం.

"గివే. ఎవలో పెట్టిపోయిన్రు, ఊకె పలుగుడు. పలిగినప్పుడల్ల నేనే మళ్ళ పూస్తున్న. ఆ మూలకు డబ్బల పీఓపీ, గదే జిప్సం పిండి, ఉన్నది గదా. సామాను పెట్టి పోయిన్రంటె, చూసినోడు చెయ్యాలనే గదా. నెంబర్లు గూడ ముగ్గు లెక్క చూసి అట్లనే గీకిన."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎందుకు పూసినవే పోశెట్టన్నా!" అన్నాడు రాజేశం.

"ఎందుకేంది? దేవుని ఇల్లు గాదా? మా ఊర్లె పీరీల కొట్టానికి మా తాతల కాన్నుంచి సున్నం మాదే, పూత మాదే. మొహర్రం పండుగకు పీరీలు లేసే ముందు ఒక్క పర్రె ఉన్నా మా నాయిన బువ్వ తినకపోతుండె. ఇక్కడ తిని కూసుంటున్న, ఎదురుంగ పలిగి ఉంటె ముద్ద ఎట్ల దిగుతది?"

నేను చెప్పాను. ఆ పట్టీ పగలడం కోసమే పెట్టారని, అది పగిలితేనే గోడ కదులుతోందని తెలుస్తుందని, ఇప్పుడన్నీ బాగున్నాయి కాబట్టి డ్రమ్ములు ఈ గోడ దాకా వస్తాయని, దీని పక్కనే మందు పెడతారని. పోశెట్టి ముందు నవ్వాడు, నేను పరాచికాలాడుతున్నాను అనుకుని. తర్వాత రాజేశం ముఖం చూశాడు. గుమ్మం పక్క బోర్డు వైపు చూశాడు. దాని మీద ఏముందని మెల్లగా అడిగాడు. ముట్టుకుంటే శిక్ష అని ఉంది. అదీ చదివి చెప్పాను.

"తెల్వక చేసిన తమ్మీ."

"ఆమెతోని చెప్దాం. మంచి మనిషి," అన్నాను.

"చెప్తె నన్ను ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు. లుసైల్ కబురు నేడో రేపో వచ్చేటట్టున్నది. చెప్పకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత, చెప్పకుండ్రి." అవతల విజిల్ వేశారు. ఆయన జెండా తీసుకున్నాడు. బూట్లు చేత్తోనే పట్టుకుని ఆ తెల్లటి దుమ్ములోకి పోయాడు.

ముఐథర్: ఉల్లిగడ్డలు కోస్తూ

ఆ సాయంత్రం గదిలో కూర వంతు నాదీ రాజేశందీ. ఉల్లిగడ్డలు కోస్తూ కొట్లాడుకున్నాం.

"నీకేంది బావా, నువ్వు వచ్చే వారం గిర్నికి పోతవ్. ఆయన బతుకు ఇక్కడ."

"మరి ఆ గోడ?"

"గోడకు పెండ్లాం పిల్లలు లేరు."

"నువ్వు తిప్పే ఆమెకు రేపు తప్పు సంతకం పడుతుంది కదరా."

రాజేశం కత్తి ఆపాడు. "అదే గుంజుతున్నది," అన్నాడు. "నేను జ్వరంల ఉంటె ఆమెనే నాకు గంజి తెచ్చిచ్చింది." తర్వాత మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు. "నువ్వు చెప్తె పోశెట్టి మునుగుతడు. చెప్పకుంటె మేడం మునుగుతది. నీ లైబ్రరీల దీనికి ఏం రాసిన్రు?"

నేను చదివిన వాటిలో గోడల గురించి ఉంది, రాజుల గురించి ఉంది. గోడకు పూత పూసిన మనిషి గురించి ఎక్కడా లేదు. చివరికి ఒక్కటే అనుకున్నాం: ఆయన్ను అడక్కుండా నోరు విప్పకూడదు, ఆయన్ను మళ్ళీ ఒకసారి అడగాలి.

పొగమంచు

మళ్ళీ వెళ్ళిన రోజు మంచు ఇంకా చిక్కగా ఉంది. ముందు బండి కనిపించక డంపర్లు ఆపేశారు. బ్రేకర్లు ఆగాయి. ఆ ఊళ్ళో నేను మొదటిసారి నిశ్శబ్దం విన్నాను. మసీదు గోడలు నేల మీద నిలబడ్డట్టు లేవు, పాల మీద మీగడలా తేలుతున్నాయి. అల ఎక్కడో చాలా దగ్గర విరుగుతోంది, నీళ్ళు కనిపించడం లేదు. ఈ ఊరివాళ్ళు వెళ్ళిపోలేదేమో, మంచులో పక్కనే తిరుగుతున్నారేమో, మనమే వాళ్ళకు కనిపించడం లేదేమో అనిపించింది.

డాక్టరమ్మ రాయి మీద కూర్చుని మంచు తేలిపోవడం కోసం ఎదురుచూస్తోంది. మంచు విడిపోతే ఫొటోలు, ఆ తర్వాత సంతకం.

ముందు ఎర్ర జెండా వచ్చింది. దాని వెనక పోశెట్టి. గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. నా ముఖం చూసి, నేనింకా చెప్పలేదని అర్థం చేసుకున్నాడు.

"నువ్వు చెప్పలే గదా తమ్మీ. మంచిగైంది. నేనే చెప్త, నువ్వు ఇంగ్లీషుల అను," అన్నాడు. "రాత్రంత అదే సోంచాయించిన. నేను పూసింది మంచిగున్నదని మందు దగ్గరికి తెస్తరంటివి. అంటె నా తాపీతోని నేనే గోడ కూలగొట్టినట్టు గదా. ఎగ్జిట్ కొడితె కొట్టనీ. ఇంటికి వోయి పీరీల కొట్టం ముంగట ఎట్ల నిలవడాలె?"

నేను లేచి నిలబడ్డాను. గౌరవనీయులైన మేడం అని మొదలుపెట్టి, అచ్చు పుస్తకంలాంటి ఇంగ్లీషులో రెండు పొడవాటి వాక్యాలు చెప్పాను. ఆమె కనుబొమలు ముడిచి, మళ్ళీ చెప్పమంది. రాజేశం ఆగలేకపోయాడు.

"మేడం, యే ఆద్మీ జిప్సం కియా. సబ్ జిప్సం. బ్రేక్ హువా, ఫిర్ కియా. మాలూం మాఫీ. గుడ్ మ్యాన్."

ఆమె పోశెట్టిని చూసింది, గోడను చూసింది. తర్వాత ఒక నవ్వు వచ్చింది కానీ మధ్యలోనే ఆగిపోయింది. "అంటే నేను వచ్చిన ప్రతిసారీ ఈయన చేతిపని ఫొటో తీసుకుని వెళ్ళానన్నమాట," అంది. "దుమ్ము ఒక్కరోజులో అన్నిటినీ ఒకే రంగు చేస్తుంది. డబ్బా తగ్గుతోందని కూడా చూశాను. రాజేశమే వాడాడనుకున్నాను."

ఎందుకు చేశావని అడగమంది. పీరీల కొట్టం సంగతి నాకు వచ్చినంత ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ముఖం కొంచెం మారింది. కానీ గొంతు మారలేదు.

"ఈ గోడను ముట్టడం నేరం. సాక్షి లేకపోతే నా మాట ఎవరూ వినరు. ఈయన సాక్షిని చెరిపేశాడు." తర్వాత వేరే గొంతుతో అడిగింది: "పాత పట్టీ తీసేసి పూశాడా? దాని మీదే పూశాడా?"

ఆ ప్రశ్న తెలుగులోకి వచ్చేసరికి పోశెట్టికి కోపం వచ్చింది.

"తీస్తనా? పాతది గుంజితె గోడ ఊడి చేతికొస్తది. మీద మీద పల్చగ పూసిన. పని తెల్వనోన్ని అనుకుంటున్నదా?"

డాక్టరమ్మ లేచింది. అంటే కింద అన్నీ ఉన్నాయి. ఆమె సంచిలోంచి చిన్న ఉలి తీసి గోడ దగ్గరకు నడిచింది. పోశెట్టి అడ్డం వెళ్ళాడు. "ఆమెను వద్దనుండ్రి. ఆమె కొడితె కిందిది గూడ పోతది. నేను పూసిన, నేనే తీస్త."

తాపీ అంచుతో మొదలుపెట్టాడు. తట్టడం, వినడం, మళ్ళీ తట్టడం. ఆ మంచులో అదొక్కటే చప్పుడు. తను నున్నగా రుద్దిన పూత బిళ్ళలుగా లేస్తోంది. ఒక్కో బిళ్ళ ఊడినప్పుడల్లా మూతి బిగించాడు. పొర కింద పొర. అడుగున మొదటి పట్టీ, దాని మీద డాక్టరమ్మ చేత్తో గీకిన తేదీ, దాని నడుమ గుండా పగులు. రెండో పట్టీ కిందా అంతే. నమాజుకు తిరిగే ఖిబ్లా వైపు గోడ మీది పట్టీ రెండు ముక్కలై ఉంది. ఆ సందులో ఆమె తన గోరు పెట్టింది. గోరు పూర్తిగా దిగింది.

"యా అల్లా," అంది మెల్లగా.

మంచు పలచబడింది. ఈసారి నేను కొలబద్ద సరిగ్గానే పట్టుకున్నాను. ప్రతి పట్టీని ఆమె పోశెట్టి చేతితో సహా ఫొటో తీసింది.

అన్నీ అయ్యాక, తన పేరు రాస్తారా అని పోశెట్టి నాచేత అడిగించాడు.

"పట్టీల మీద తర్వాత పడిన పూతను ఒక అనుభవమున్న మేస్త్రి సాయంతో తొలగించి కిందివి పరిశీలించాం అని రాస్తాను. అందులో అబద్ధం లేదు. ఆ మేస్త్రి ఎవరని ఎవరైనా అడిగితే నిజం చెప్తాను. ఈయన్ను పంపకండి అని కూడా చెప్తాను. వింటారో లేదో నాకు తెలియదు. అది చెప్పండి, దాచకండి."

చెప్పాను. పోశెట్టి తల ఊపాడు. తర్వాత ఆమె జిప్సం డబ్బా ఆయన ముందు పెట్టింది. కొత్త పట్టీలు ఆయనే వేశాడు. అవసరమైనంత నీళ్ళు, ఒక్క గీత, ఒక్క రుద్దుడు. తేదీలు మాత్రం ఆమె గీకింది.

"ఇవి పగిలితె?" అని అడిగాడు.

"పగలనివ్వాలి."

పోశెట్టి తన పనినే చూస్తూ నిలబడ్డాడు. "మస్తు కష్టం చెప్పింది," అన్నాడు నాతో.

జిప్సం డబ్బాను ఆమె తనతో బండిలోకి తెచ్చేసుకుంది.

తిరిగి వచ్చాక

నేను వచ్చేసరికి గిర్ని పట్టా తెగి ఉంది, లైబ్రేరియన్ నా పేరు మీద జరిమానా రాసి ఉంచాడు. ఖతర్ నుంచి ఏం తెచ్చావని అడిగితే ఆ గవ్వల గోడ గురించి చెప్పాను. ఆయన జరిమానా కొట్టేశాడు.

కొన్ని నెలలకు రాజేశం ఫోన్ చేశాడు. డ్రమ్ములు కదిలాయి. ఊరి వైపు కాదు, వెనక్కి. చాలా వెనక్కి. పోశెట్టిని ఎవరూ అడగలేదు, ఎవరూ పంపలేదు. లుసైల్ మేస్త్రి కబురు ఈ గొడవకు సంబంధం లేకుండానే ఇంకెవరికో వెళ్ళింది. అందుకని ఆయన జెండా ఆయన చేతిలోనే ఉంది. కాకపోతే జెండా మనిషి డ్రమ్ములతోపాటు కదలాలి. ఇప్పుడు మధ్యాహ్నం విరామంలో మసీదు దాకా నడిచి తిరిగి వచ్చే దూరం కాదట. డంపరు నీడన తింటున్నాడట.

ఆ సంగతి విన్నప్పటినుంచి నాకు మనసులో ముల్లులా ఉంది. రాజేశం ఫోన్లోంచే ఆయనకు ఒక మాట పంపాను: అన్నా, నీ నీడ పోయింది కదా, నా మీద కోపమా అని.

జవాబు ఆయన గొంతులోనే వచ్చింది. వెనక గాలి, ఎక్కడో డంపరు వెనక్కి వస్తున్న కూత.

"కోపం ఎందుకు తమ్మీ. ఈడికెల్లి మసీదు అగ్గిపెట్టెంత కనవడుతది. పట్టీలు పలిగినయో లేదో కనవడది. గదే మంచిది. కనవడితె చెయ్యి ఊకోదు."